కిన్నెర ఏకగానం – వార్షిక ప్రదర్శన: దర్శనం మొగులయ్య గానం ఆధారంగా ఒక విమర్శ

ప్రస్తావన

జానపద గాయకుణ్ణి సన్మానించే పద్ధతి మన విశ్వవిద్యాలయాలలోను, సాంస్కృతిక సంస్థలలోను బాగా స్థిరపడింది. పరిచయ వాక్యాలు చదువుతారు, శాలువా కప్పుతారు, ఒక పాట పాడమని కోరుతారు. ఆయన పది నిమిషాలు పాడతాడు. సభ చప్పట్లు కొట్టి తరువాతి అంశానికి వెళుతుంది. ఆ పది నిమిషాలలో విన్నది ఒక రాత్రంతా సాగగల కథలోని ఏ భాగమో, దానికి ముందూ వెనుకా ఏమున్నదో సభకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఉన్నదనీ తోచదు. అంటే మనం గాయకుణ్ణి చూస్తున్నాం, కథను వినడం లేదు.

ఈ లోపానికి పరిష్కారంగా ఇటీవల వినవస్తున్న ఆలోచన ఒకటి ఉంది. వృద్ధ కళాకారుడు ఏడాదికొకమారు తానొక్కడే ఒక పూట పూర్తిగా పాడే ప్రదర్శనను ఏర్పాటు చేయాలన్నది ఆ ఆలోచన. శాస్త్రీయ సంగీతంలో కచేరికి ఉన్న గౌరవం జానపద గానానికి కూడా దక్కాలన్న సదుద్దేశం ఇందులో ఉంది. అయితే 'ఏకగానం', 'వార్షికం' అనే రెండు మాటలకు జానపద సంప్రదాయంలో కచేరికి లేని అర్థాలున్నాయి. వాటిని గుర్తించకుండా కచేరి చట్రాన్ని తెచ్చి బిగిస్తే పది నిమిషాల లోపం రెండు గంటల లోపంగా పెరగడం తప్ప ప్రయోజనం ఉండదు. పన్నెండు మెట్ల కిన్నెర గాయకుడు దర్శనం మొగులయ్య గానాన్ని ప్రధాన ఆధారంగా తీసుకొని ఆ రెండు మాటలను పరిశీలించడం, వార్షిక ఏకగాన ప్రదర్శన సార్థకం కావడానికి ఏవి అవసరమో నిర్ణయించడం ఈ వ్యాసం లక్ష్యం.

ఏకగానంలో రెండవ గొంతు

తెలుగు జానపద కథాగానం ప్రధానంగా బహుగళ కళ. బుర్రకథలో కథకునికి ఇరువైపులా వంతలుంటారు. ఒకరు హాస్యం పండిస్తే మరొకరు సమకాలీన రాజకీయ వ్యాఖ్యానం చేస్తారు. షేక్ నాజర్ చేతిలో ఆ రూపం పొందిన శక్తిలో కథకుని ప్రతిభ ఎంతో, వంతల సమయస్ఫూర్తి అంత. ఒగ్గుకథలో ప్రధాన కథకుని వెంట సహగాయకులు, డోలు వాద్యకారులు ఉంటారు. శారదకథలోను, జముకులకథలోను వంత లేనిదే కథ నడవదు. వంత అంటే పల్లవి అందుకొనేవాడు మాత్రమే కాదు. ఊఁ కొట్టేవాడు, అడిగేవాడు, సందేహించేవాడు, కథకునికి ఊపిరి తీసుకొనే వ్యవధి ఇచ్చేవాడు. శ్రోతల పక్షాన వేదిక మీద నిలిచిన ప్రతినిధి అతడు.

ఇటువంటి సంప్రదాయంలో ఒక్కడే నిలబడి వాయిస్తూ పాడే గాయకుడు విశేషమైనవాడు. ఒకనాటి పాలమూరు జిల్లా ప్రాంతంలో ఇటువంటి గాయకులు ఇద్దరు మన కాలంలో దేశం దృష్టికి వచ్చారు. ఒకరు నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. మరొకరు నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ గాయకుడు దాసరి కొండప్ప. ఆయనకు 2024లో పద్మశ్రీ లభించింది. ఇద్దరికీ సొరబుర్రలు కట్టిన తంత్రీవాద్యమే తోడు.

వీరి గానాన్ని 'ఏకగానం' అనడం బయటి చూపుకు సరిపోవచ్చు. జాగ్రత్తగా వింటే అక్కడ వంత లేకపోలేదని, అది వాద్యంలోకి చేరిందని తెలుస్తుంది. మొగులయ్య ఒక చరణం పాడి ఆగుతాడు. ఆ ఆగిన చోట కిన్నెర అదే వరుసను అందుకొంటుంది. మాట చెప్పినదాన్ని తీగ తిరిగి చెబుతుంది. ఆ వ్యవధిలో గాయకుడు తరువాతి చరణాన్ని సిద్ధం చేసుకొంటాడు, శ్రోత విన్న చరణాన్ని నిలుపుకొంటాడు. బుర్రకథలో 'తందాన' చేసే పనిని ఇక్కడ కిన్నెర చేస్తున్నది. కాబట్టి కిన్నెరను పక్కవాద్యం అనడం సరికాదు. శాస్త్రీయ కచేరిలో పక్కవాద్యం గాయకుణ్ణి అనుసరిస్తుంది. కిన్నెర మాత్రం గాయకునికి బదులు పలుకుతుంది.

రెండవ గొంతు ఇంకొకటి కూడా ఉంది, అది శ్రోతది. మొగులయ్య గానంలో పదే పదే వినిపించే 'శభాష్' అనే కేకను ఇక్కడ గమనించాలి. శభాష్ అనడం వినేవాని హక్కు. పాట బాగున్నదని, వీరుడు మంచి పని చేశాడని మెచ్చుకొనే మాట అది. గాయకుడే దాన్ని పలుకుతున్నాడంటే ఆ క్షణానికి అతడు శ్రోత స్థానాన్ని కూడా తానే నింపుతున్నాడని అర్థం. పల్లె రచ్చ మీద ఆ కేక వినేవాళ్ల నోటి నుంచి కూడా తిరిగి వస్తుంది. చీకటి మందిరంలో, మాట్లాడకుండా కూర్చోవడమే మర్యాదగా భావించే సభలో అది గాయకుని నోటనే పుట్టి అక్కడే ఆగుతుంది. ఏకగానం నిజంగా 'ఏక' గానమయ్యేది అక్కడే. గాయకుణ్ణి ఒంటరిని చేసినది అతని సంప్రదాయం కాదు, మన సభామర్యాద.

కిన్నెర: వాద్యం, వారసత్వం

కిన్నెర తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య కథ చెప్పాడు. వాద్యం పేరే ఇంటిపేరు వలె నిలిచిన ఆ భక్తుడు కిన్నెరతోనే శివుణ్ణి కొలిచాడు. సంస్కృత లక్షణ గ్రంథాలలో 13వ శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరం కిన్నరీవీణను లఘ్వి, బృహతి అనే భేదాలతో వివరించింది. ఒకనాడు శాస్త్రం లెక్కలోకి తీసుకొన్న వాద్యం తరువాత శాస్త్రం చూపు నుంచి జారిపోయి, ఊరి చివర జీవించే కులాల చేతుల్లో బతికిందని దీనివల్ల తెలుస్తుంది. అందుచేత కిన్నెరను 'ఆదిమ వాద్యం' అని మెచ్చుకోవడంలో కొంత అజ్ఞానం ఉంది. అది శాస్త్రం వదలుకొన్న వాద్యం, దాన్ని వదలుకోనివారు వేరే ఉన్నారు.

వెదురు దండి, ఎండిన సొరకాయ బుర్రలు, తీగలు, తేనెమైనంతో నిలిపిన మెట్లు, అలంకారానికి అద్దాలు, నెమలి ఈకలు, కొసన ఒక పిట్ట – ఇదీ కిన్నెర స్వరూపం. ఈ వస్తువులలో చాలావరకు పొలం నుంచి, అడవి నుంచి వచ్చినవే. వాయించేవాడే దాన్ని తయారు చేసుకొంటాడు, చెడిపోతే తానే బాగు చేసుకొంటాడు. మొగులయ్య పేరు పన్నెండు మెట్ల కిన్నెరతో ముడిపడి ఉంది. ఈ వాద్యం మీద, దాన్ని వాయించే కులాల మీద పండితుల దృష్టి పడటానికి ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకుల కృషి కారణం. ఇక్కడ విమర్శకు ముఖ్యమైన విషయం ఒకటుంది. మెట్లసంఖ్య పెరిగితే పలికే స్వరాల పరిధి పెరుగుతుంది గాని, గానం నడక స్వరవిస్తారం మీద ఆధారపడి లేదు. అది మాట నడక మీద ఆధారపడింది. కిన్నెర మీద రాగాలాపన వినాలని కోరేవారు ఆ వాద్యాన్ని చిన్న వీణగా భావిస్తున్నారు. కిన్నెర కథ చెప్పడానికి పుట్టిన వాద్యం. దాన్ని అంచనా వేయవలసిన కొలమానం కూడా కథనమే.

'ఏటేటా' అనే మాటకు అర్థం

మొగులయ్య డక్కలి కులానికి చెందినవాడు. డక్కలివారు మాదిగలకు ఆశ్రితకులం. మాదిగల పుట్టుపూర్వోత్తరాలను చెప్పే జాంబపురాణాన్ని గానం చేయడం వారి కులధర్మంగా వచ్చింది. చిందు, బైండ్ల, మాస్టి మొదలైన ఇతర ఆశ్రితకులాల మాదిరిగానే వీరికీ పోషకుల ఊళ్లు పంచబడి ఉంటాయి. ఏటా గాని, కొన్నేండ్లకొకమారు గాని పంటలు చేతికి వచ్చిన కాలంలో ఆ ఊరికి రావడం, కథ చెప్పడం, తమకు రావలసిన త్యాగం తీసుకొనిపోవడం మిరాశి హక్కు. ఇది దానం కాదు, హక్కు. ఇవ్వకపోతే అడిగే అధికారం గాయకునికి ఉన్నది.

జానపద గాయకుని వార్షిక ప్రదర్శనకు అసలు రూపం ఇదే. దాని లక్షణాలను మూడు విధాలుగా గుర్తించవచ్చు. మొదటిది, వచ్చే గాయకుడూ వినే శ్రోతలూ ఒకరికొకరు ముందే తెలుసు. రెండవది, శ్రోతకు కథ తెలుసు. కిందటిసారి గాయకుడో అతని తండ్రో ఎట్లా చెప్పాడో కూడా జ్ఞాపకం ఉంటుంది. కాబట్టి వినడమంటే పరీక్షించడం కూడా. మూడవది, గాయకుడు మళ్లీ వస్తాడు. ఈ ఏడు మిగిలినది వచ్చే ఏడు చెప్పవచ్చు. కథకు ఒక రాత్రిలో ముగిసి తీరవలసిన తొందర లేదు.

పల్నాటి వీరుల ఆరాధనలో ఈ వార్షికత మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కారంపూడిలో కార్తిక అమావాస్యతో మొదలై అయిదు రోజులు జరిగే ఉత్సవంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని దినాలకే కథాఘట్టాల పేర్లున్నాయి. విద్యావంతులు ఏ ఘట్టం పాడాలో ఆ రోజే నిర్ణయిస్తుంది. ఇక్కడ గాయకుడు పాటను ఎంచుకోడు, తిథి ఎంచుతుంది. అలిసెట్టి గాలెయ్య అనే గాయకుని నోట ఈ కథను సేకరించి జీన్ రోఘేర్ 1982లో ప్రకటించిన గ్రంథాన్ని చదివినవారికి ఆ కథ ఎంత విస్తృతమైనదో తెలుస్తుంది. అంతటి కథ లిఖిత పాఠం మీద ఆధారపడకుండా నిలవడానికి ఏటేటా వచ్చే ఆ అయిదు రోజులు ఒక ముఖ్య కారణం. వార్షికోత్సవం కథకు అలంకారం కాదు, జ్ఞాపకయంత్రం.

ఇది మనకు మాత్రమే పరిమితమైన విషయం కూడా కాదు. ఆల్బర్ట్ లార్డ్ 1960లో ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథంలో యుగోస్లావియా ముస్లిం గాయకుల గురించి రాస్తూ, రంజాన్ మాసపు ముప్పై రాత్రులకు సరిపడ ముప్పై కథలు సంపాదించడం గాయకుని ఆదర్శమని వివరించాడు. శ్రోతల ఓపికను బట్టి, వారి రాకపోకలను బట్టి గాయకుడు కథను పెంచడమో కుదించడమో చేస్తాడని కూడా చూపాడు. కాలం గాయకుని కథాసంపదను పెంచుతుంది, శ్రోత దానికి కొలత ఇస్తాడు. ఈ రెండూ లేని చోట గాయకుని వద్ద ఎన్ని కథలున్నా బయటికి వచ్చేది ఒకటే.

రెండు అరల కథాసంపద

డక్కలి గాయకుని కథాసంపదలో రెండు అరలున్నాయి. ఒకటి కులపురాణం. అది పోషక కులం ఎదుట, హక్కుగా, బాధ్యతగా చెప్పేది. రెండవది ప్రాంతీయ వీరగాథలు. మొగులయ్య పేరుతో బయటి ప్రపంచం గుర్తుపట్టే పండుగ సాయన్న, మియాసాబ్ కథలు ఈ అరలోనివి. సాయన్న ఉన్నవారిని దోచి లేనివారికి పెట్టినవాడుగా పాలమూరు ప్రజల జ్ఞాపకంలో నిలిచిన వీరుడు. మియాసాబ్ ముస్లిం. ఈ వీరులెవరూ గాయకుని కులంవారు కారు, అతని పోషకుల కులంవారు కూడా కారు. కులపురాణం గాయకుణ్ణి ఒక కులానికి కట్టివేస్తే, వీరగాథ అతణ్ణి ఒక ప్రాంతానికంతటికీ గాయకుణ్ణి చేసింది. బి. రామరాజు, తంగిరాల వెంకటసుబ్బారావు, నాయని కృష్ణకుమారి మొదలైనవారు తెలుగు గేయగాథలకు, వీరగాథలకు చేసిన పరిశీలన ఈ రెండవ అరను అర్థం చేసుకోవడానికి ఎంతో ఉపకరిస్తుంది. కాని ఈ రెండు అరలూ ఒకే గాయకుని గొంతులో పక్కపక్కనే ఎట్లా ఉంటాయి, ఒకదాని పదబంధాలు మరొకదానిలోకి ఎట్లా ప్రవహిస్తాయి అన్నది విడిగా పరిశోధించవలసిన విషయం.

వేదిక ఈ రెండింటిలో రెండవ అరనే తీసుకొంటుంది. కారణం ఊహించదగినదే. వీరగాథకు ఏ శ్రోత అయినా సరిపోతాడు, కులపురాణానికి దాని శ్రోతే కావాలి. ఆ వీరగాథలో కూడా వేదికకు వచ్చేది వీరుని పరాక్రమ వర్ణన. అతని పుట్టుక, పెరిగిన ఊరు, చేరదీసినవారు, మోసగించినవారు, చివరికి అతని మరణం అనే క్రమం వీరగాథకు ప్రాణం. మరణం లేని వీరగాథ స్తుతిపాఠం మాత్రమే అవుతుంది. పది నిమిషాల ప్రదర్శనలో వీరుడు చావడానికి సమయం ఉండదు. శ్రోత ఉత్సాహం వద్దనే ఆగిపోతాడు, దుఃఖం దాకా పోడు. వేదిక గాథకు చేసిన అన్యాయాలలో ఇది పెద్దదని నా అభిప్రాయం.

పేరు వచ్చింది, ఊరు పోయింది

ఇంతవరకు చెప్పినదాన్ని పాత వ్యవస్థ మీద మమకారంగా భావించరాదు. మిరాశి హక్కు వెనుక ఉన్నది కులదాస్యం. ఆశ్రితకులమంటే దళితులలోనే కిందిమెట్టు. పోషకుని ఇంట సమాన స్థానం లేక, వాడ బయటే విడిది చేసి, తమది కాని పురాణాన్ని తరతరాలుగా మోసినవారు డక్కలివారు. ఆ వ్యవస్థలో గాయకునికి హక్కు ఉన్నది గాని పేరు లేదు. అతణ్ణి 'డక్కలాయన' అని పిలిచారు గాని ఫలానా కళాకారుడని గుర్తించలేదు. ఎన్ని తరాల కిన్నెర గాయకుల పేర్లు మనకు తెలుసునని ప్రశ్నించుకొంటే సమాధానం సిగ్గుపడేదిగా ఉంటుంది.

వేదిక అతనికి పేరు ఇచ్చింది. దర్శనం మొగులయ్య అనే పేరు పద్మశ్రీ జాబితాలో చేరడం ఒక వ్యక్తికి జరిగిన సన్మానం మాత్రమే కాదు, పేరులేని పరంపర పేరు పొందిన సందర్భం. అదే ఏడాది పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్య విషయం కూడా ఇటువంటిదే. కోయల డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథను పాడిన ఆయన 2024లో కన్నుమూశారు. వారి వంటివారిని ఊరి చివర నుంచి సభామధ్యానికి తెచ్చిన వేదికను తక్కువ చేసి మాట్లాడే హక్కు, ఆ ఊరి చివర జీవించని విమర్శకునికి లేదు.

అయినా లెక్క పూర్తిగా చెప్పాలి. పాటగానికి పేరు వచ్చింది, పాటకు ఊరు పోయింది. హక్కు పోయి పురస్కారం వచ్చింది. ఈ రెండింటి మధ్య భేదం కాలానికి సంబంధించినది. హక్కు ఏటేటా వస్తుంది, పురస్కారం ఒక్కసారి వస్తుంది. పద్మశ్రీ వచ్చిన రెండేండ్లకే, 2024లో, మొగులయ్య భవన నిర్మాణ కూలిపనికి వెళుతున్న వార్త పత్రికలలో వచ్చింది. ఆ వార్త చదివి చాలామంది జాలిపడ్డారు. జాలి కన్నా ఆలోచన అవసరం. ఒక్కసారి ఇచ్చేది ఎంత పెద్దదైనా ఏటేటా వచ్చేదానికి ప్రత్యామ్నాయం కాదన్న సత్యాన్ని ఆ వార్త చెప్పింది. గాయకుని బతుకుకు ఏది నిజమో పాట బతుక్కీ అదే నిజం.

చలనచిత్రంలో కిన్నెర

మొగులయ్య గొంతును లక్షలమంది విన్నది వేదిక మీద కాదు, 'భీమ్లా నాయక్' చిత్రం శీర్షికగీతం ఆరంభంలో. ఆ పల్లవిపూర్వ భాగాన్ని నిర్మాణదృష్టితో చూస్తే ఆసక్తికరంగా ఉంటుంది. ముందు స్థలనిర్దేశం, తరువాత పుట్టిన చోటి గురుతులు, తల్లి పేరు, తండ్రి పేరు, తాత, ముత్తాత, చివరికి వీరుని పేరు. ఆశ్రితకులాల గాయకులు పోషకుని వంశాన్ని కీర్తించే క్రమం ఇదే. పేరు చివర రావడంలో ఒక న్యాయం ఉంది. మనిషి ముందు ఊరి బిడ్డ, తరువాత ఇంటి బిడ్డ, ఆ తరువాతే తాను. చిత్రగీతం ఈ క్రమాన్ని చెక్కుచెదరకుండా నిలిపింది. అందుకే అది వినగానే సంప్రదాయం తెలిసిన చెవికి పరిచితంగా తోచింది.

కాని వంశకీర్తన ఉద్దేశం మారింది. ఊళ్లో ఆ పేర్లు విన్నవాడు తన తాత పేరు విని తల ఎత్తుతాడు. సినిమాలో ఆ పేర్లు కల్పితాలు, వాటికి వారసులు శ్రోతలలో లేరు. కీర్తన వినేవానిది కాకుండా తెర మీది కథానాయకునిదయింది. వంశక్రమం ముగిసి ఘోషవాద్యాలు మొదలుకాగానే కిన్నెర తప్పుకొంటుంది. రూపం మిగిలి సంబంధం పోవడానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

దీనికి ప్రతిగా 2023లో వచ్చిన 'బలగం' చిత్రాన్ని చూడవచ్చు. అది ఏకగానం కాదు. బుడగజంగం గాయక దంపతులు పస్తం కొమురమ్మ, మొగిలయ్య చివరి ఘట్టంలో చచ్చిపోయిన పెద్దమనిషిని తలచి పాడతారు. ఆ పాట వింటున్నవారు ఆ పెద్దమనిషి కొడుకులు, కూతురు, మనుమలు. పాట వారిని ఉద్దేశించినది, వారిని నిలదీసేది. విన్నవారు ఏడుస్తారు, ఏడ్చి మారుతారు. పాట ఎందుకు పుట్టిందో ఆ సందర్భాన్ని, ఎవరి కోసం పుట్టిందో ఆ శ్రోతను దర్శకుడు వేణు యెల్దండి పాటతో సహా తెర మీదికి తెచ్చాడు. ఊళ్లలో ప్రజలు గుమిగూడి ఆ చిత్రాన్ని చూడటానికి కారణం అదే అయి ఉంటుంది. రెండు చిత్రాల భేదం ఒక సూత్రాన్ని ఇస్తున్నది. జానపద గానాన్ని కొత్త వేదికకు తరలించేటప్పుడు గాయకుణ్ణి తేవడం చాలదు, శ్రోతను కూడా తేవాలి.

వార్షిక ఏకగాన ప్రదర్శన – కావలసినవి

పై పరిశీలన వెలుగులో, ఒక వృద్ధ గాయకుని వార్షిక ఏకగాన ప్రదర్శన ఎట్లా ఉండాలో ఆలోచించవచ్చు. మన ముందున్న నమూనా శాస్త్రీయ కచేరి. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ కాలం నుంచి స్థిరపడిన కచేరి పద్ధతిలో చిన్నవీ పెద్దవీ అయిన కృతులను ఒక క్రమంలో కూర్చడం ప్రధానం. కృతి స్వయంసంపూర్ణం కాబట్టి ఆ పద్ధతి దానికి తగినది. గాథ అట్లా కాదు. గాథలో ఒక భాగం మరొక గాథలోని భాగం పక్కన నిలబడితే రెండూ కుంటుబడతాయి. కాబట్టి మొదటి నియమం, ఒక ప్రదర్శనకు ఒకే కథ. ఈ ఏడు సాయన్న అయితే సాయన్నే, పుట్టుక నుంచి మరణం దాకా. ఒక పూట చాలకపోతే రెండు పూటలు. ఆ పైన మిగిలితే వచ్చే ఏడు. ఏటేటా అనే మాటకు అసలు ప్రయోజనం అక్కడే నెరవేరుతుంది.

రెండవ నియమం శ్రోతకు సంబంధించినది. గాయకుని ప్రాంతం నుంచి, ఆ కథ తెలిసిన పెద్దలను పిలిచి ముందువరుసలో కూర్చోబెట్టాలి. అతిథులుగా కాదు, వంతలుగా. ఊఁ కొట్టవచ్చునని, శభాష్ అనవచ్చునని, తప్పు పోతే అందించవచ్చునని సభకు ముందే చెప్పాలి. ధ్వనివర్ధకాన్ని కిన్నెర నాదానికి తగినట్లు అమర్చడం, దీపాలు ఆర్పకుండా శ్రోతల ముఖాలు గాయకునికి కనిపించేటట్లు చేయడం చిన్న విషయాలుగా తోచవచ్చు. కాని శ్రోత ముఖం చూడని కథకుడు కథను పెంచలేడు, తగ్గించలేడు. కంఠస్థమైన పాఠాన్ని అప్పగిస్తాడు అంతే.

మూడవ నియమం పారితోషికానిది. అది సన్మానంగా కాక హక్కుగా ఇవ్వాలి. ఏటా ఇంత అని, ప్రదర్శన జరిగినా గాయకుడు అనారోగ్యంతో పాడలేకపోయినా ఇచ్చేటట్లు నిర్ణయించాలి. మిరాశిలోని కులదాస్యాన్ని తీసివేసి, దానిలోని హక్కును మాత్రం నిలుపుకోగల మార్గం ఇదొక్కటే. కులం ఇవ్వవలసినది ఇప్పుడు సమాజం ఇవ్వాలి. ఇందుకు విశ్వవిద్యాలయాలు ముందుకు రావడం న్యాయం. జానపద విజ్ఞానం పాఠ్యాంశంగా వాటికి దక్కినది ఈ గాయకుల నోటి నుంచే.

నాలుగవది నమోదుకు సంబంధించినది. ఒకే కథను ఒకే గాయకుడు ఏటేటా పాడగా సేకరించిన పాఠాలు పక్కపక్కన ఉంటే వాటి విలువ అపారం. ఏది మారదు, ఏది మారుతుంది, ఏ శ్రోత ముందు ఏ ఘట్టం పెరిగింది అనే ప్రశ్నలకు ఒక్క సేకరణ ఎప్పుడూ సమాధానం చెప్పదు. ఒక పాఠాన్ని సేకరించి 'ఇదే కథ' అని అచ్చువేయడం మన జానపద పరిశోధనలో అలవాటయింది. వార్షిక ప్రదర్శన ఆ అలవాటును సవరించగలదు. అయిదేండ్ల సేకరణ ఉంటే గాయకుని సృజన ఎక్కడ ఉన్నదో చూపవచ్చు. అప్పుడు అతణ్ణి 'పరంపర వాహకుడు' అని ఊరుకోకుండా కవి అని అనవలసి వస్తుంది.

ఒక ఆక్షేపం రావచ్చు. వయసు మీరిన గాయకుణ్ణి రెండు పూటలు పాడమనడం న్యాయమా? ఈ ఆక్షేపం సమంజసమే. కాని దానికి సమాధానం సంప్రదాయంలోనే ఉంది. పెద్ద గాయకుడు అలసినప్పుడు కొడుకో, శిష్యుడో అందుకొంటాడు. అందుకొన్నవాడు తప్పితే పెద్దాయన సవరిస్తాడు. వారసుడు వేదిక మీద ఉండటం ఏకగానానికి భంగం కాదు. కిన్నెర వంతగా ఉన్న చోట మరొక గొంతు చేరడం సహజమైన విస్తరణ. అసలు ప్రమాదం అతడు లేకపోవడం. పెద్ద గాయకుని తరువాత అందుకొనే గొంతు లేని ఏకగానానికి ఎంత గౌరవం చేసినా, అది వీడ్కోలుసభ అవుతుంది.

ముగింపు

ఏకగానమంటే ఒక్కడు పాడే పాట కాదు. వంతను వాద్యంలోను, శ్రోతలోను నిలుపుకొన్న పాట. వార్షికమంటే ఏడాదికొకసారి జరిగేది అని మాత్రమే కాదు. మళ్లీ వస్తానన్న గాయకుని మాటకు, మళ్లీ వింటామన్న శ్రోత మాటకు మధ్య ఉన్న ఒప్పందం. ఈ రెండు అర్థాలనూ గ్రహించిన ప్రదర్శన, కులదాస్యం లేని కొత్త మిరాశి కాగలదు. గ్రహించనిది సన్మానసభకు పొడిగింపుగా మిగులుతుంది.

కిన్నెర మీద గాయకుడు ఒక చరణం ముగించి ఆగుతాడని, ఆ ఆగిన చోట తీగ బదులు పలుకుతుందని పైన గమనించాం. ఆ విరామం తీగకు మాత్రమే విడిచినది కాదు, మనకు కూడా విడిచినది. పది నిమిషాల తరువాత చప్పట్లు కొట్టి దాన్ని మూసివేయడమా, ఊఁ కొట్టి కథను ముందుకు నడిపించడమా అన్నది శ్రోతల చేతిలో ఉంది. గాయకుని వైపు నుంచి జరగవలసినది ఎన్నో తరాలుగా జరుగుతూనే ఉంది.